చప్పుడు లేకుండా కాలిపోయిన ఆంప్

నా గిటారు ఆంప్ (గిటారు శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) పోయిన రాత్రి ఇంట్లో చప్పుడు లేదు. ముందు ఈ మాటే చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఎవరికి చెప్పినా "మరి అంత సౌండు పెట్టుకుంటే పోదా?" అనే అడిగారు. పెట్టలేదు. తార్నాకలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. రాత్రి పదకొండు దాటింది. పక్క గదిలో మా అమ్మాయి నిద్రపోతోంది. నేను ఆంప్ వెనక స్పీకరు జాక్ పీకేసి, లైన్ అవుట్ (రికార్డింగు కోసం సన్నటి సిగ్నల్ బయటికి ఇచ్చే సాకెట్టు) నుంచి కంప్యూటర్‌కి తీగ లాగి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తున్నాను. గదిలో వినపడేదల్లా తీగెల మీద పిక్ గీసుకునే చిన్న చప్పుడు. చెవుల్లో మాత్రం అద్భుతంగా ఉంది. వాల్యూమ్ ఏడు మీద పెట్టాను. ఇంటికొచ్చిన మూడేళ్లలో ఆ ఆంప్‌ని ఏడు మీద వినడం అదే మొదటిసారి.

ఇరవై నిమిషాలు అలా గడిచాయి. తీగెలన్నీ కలిపి పెద్ద కార్డ్ ఒకటి గట్టిగా కొట్టాను. హెడ్‌ఫోన్స్‌లో పటపటమని చిట్లింది. వెనక జాలీలోంచి ఒక్క క్షణం నీలం మెరుపు, ఆ వెంటనే ఎర్రలైటు ఆరిపోయింది. కాసేపటికి వాసన మొదలైంది. పాకం ముదిరి మాడిన బెల్లం వాసన. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి వార్నిష్ కాలితే అలాగే ఉంటుందని తర్వాత తెలిసింది.

శబ్దం తగ్గిస్తున్నాననుకుని నేను చేసిన పని, శబ్దం బయటికి పోయే దారిని మూసెయ్యడం. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆంప్ గురించి కొంచెం. ఆంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉండే పదిహేను వాట్ల కాంబో, పన్నెండు అంగుళాల స్పీకరు. ట్రాన్సిస్టర్ల బదులు పాత రేడియో వాల్వుల్లాంటి గాజు ట్యూబులతో నడుస్తుంది: స్పీకరుని నడిపే పవర్ సెక్షన్‌లో రెండు ఈఎల్84లు, వాటికి ముందు సిగ్నల్ పెంచే చిన్నవి మూడు 12ఏఎక్స్7లు. మా డాలస్ బావ తెచ్చాడు. ట్యూబులన్నీ ఊడదీసి ఒక్కోదాన్ని ఒక్కో ఊలు సాక్సులో చుట్టి, రెండు పెట్టెల్లో ఒక పెట్టె బరువంతా దీనికే కేటాయించి మోసుకొచ్చాడు. అక్క పచ్చళ్లకి చోటు లేదని వచ్చేటప్పుడు గొడవ కూడా పడిందట. అలా వచ్చిన వస్తువు అది. మర్నాడు బావకి ఫోన్ చేసి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అమెరికా వస్తువు కాబట్టి 120 వోల్టులది. మనది 230. మధ్యలో కోఠిలో కొన్న, వోల్టులు తగ్గించే 500 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఆంప్ పోయిందనగానే ఇంటిల్లిపాదీ దాన్నే అనుమానించారు. "ఓల్టేజి కొట్టి ఉంటుందిరా" అన్నారు నాన్న. మన ఊళ్లో ఏది పోయినా మొదటి ముద్దాయి ఓల్టేజే కదా. మీటరు పెట్టి చూశాను. 118 చూపించింది, గంటసేపు చూసినా పెద్దగా కదల్లేదు. ఇంకో అనుమానం కరెంటు సైకిళ్ల (ఫ్రీక్వెన్సీ) మీద. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఒట్టి 60కే కట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ని మన 50 మీద నడిపితే కోర్ (లోపలి ఇనప రేకుల కట్ట) మీద భారం పెరిగి వేడెక్కుతుంది. కానీ దీని వెనక 50/60 అని అచ్చు వేసి ఉంది. స్టెప్‌డౌన్ పాపం నిర్దోషి.

ఫ్యూజు మార్చాను. మళ్లీ ఎగిరిపోయింది. ఇక్కడ ఒక మాట. మన పాత ఇళ్లల్లో ఫ్యూజు పోతే తీగె ముక్క చుట్టేసే అలవాటు చేతుల్లోనే ఉంటుంది, నా చేతికీ వచ్చింది. దయచేసి ఆ పని చేయకండి, పెద్ద ఫ్యూజు కూడా వెయ్యకండి. రెండోసారి ఫ్యూజు ఎగిరిందంటే లోపల ఏదో ఇంకా షార్ట్‌లో ఉందని అది మీకు చెబుతోంది. పవర్ ట్యూబులు రెండూ పీకి మళ్లీ ఆన్ చేశాను. ఈసారి ఫ్యూజు నిలబడింది. అంటే తప్పు మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్‌లో లేదు, ఆ ట్యూబుల్లోనో వాటి తర్వాతో ఉంది.

ప్లగ్ పీకి ఛాసిస్ బయటికి తీశాను. ప్లగ్ పీకినంత మాత్రాన ఆంప్ చచ్చిపోదు. కెపాసిటర్లలో మూడు వందల పైచిలుకు వోల్టులు అలాగే కూర్చుని ఉంటాయి. పవర్ ట్యూబులు తీసేశాక ఆ కరెంటు లాగేవాళ్లు ఉండరు కాబట్టి ఇంకా ఎక్కువసేపు నిలుస్తాయి. రెసిస్టరు ఉన్న తీగెతో నిదానంగా దించి, మీటరులో సున్నా చూసి, అప్పుడే వేలు పెట్టాలి. ఈ పని ముందు ఎవరి దగ్గరైనా నిలబడి చూసి నేర్చుకోని వాళ్లు మూత తెరవకపోవడమే మంచిది. ప్రాణం పోయేంత కరెంటు అది.

ఒక ట్యూబు సాకెట్‌లో ప్లేటు (ట్యూబులో ఎక్కువ వోల్టులుండే భాగం) పిన్ను నుంచి పక్కకి వెంట్రుకంత సన్నటి నల్లగీత కనిపించింది. చీమల బారులా ఉంది. అది బొగ్గు. ఒకసారి మెరుపు నడిచిన దారి అలా బొగ్గుగా మారితే, ఆ తర్వాత కరెంటుకి అదే రోడ్డు. ట్యూబులకీ స్పీకరుకీ మధ్య ఉండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తీగెల మీద మీటరు పెట్టాను. మధ్య తీగె నుంచి ఒక వైపు నూట నలభై ఓములు చూపించింది. రెండో వైపు ఏమీ లేదు, తెగిపోయింది.

దాన్ని పట్టుకుని రాణీగంజ్ వైపు ఒక సందులో మోటార్లు, స్టెబిలైజర్లు చుట్టే ఆయన దగ్గరికి వెళ్లాను. గిటారు ఆంప్ ఆయన ఎప్పుడూ చూడలేదు. కానీ కాగితం పొరలు ఒక్కొక్కటే విప్పుతూ, లోపల నల్లగా మాడిన చిన్న చుక్క దగ్గర ఆగి అన్నాడు, "ఇది వేడికి కాలలే సార్. మెరుపు గొట్టింది. లోడు లేకుండ నడిపిన్రా?"

నడిపాను. లోడంటే ఆంప్ శక్తిని తీసుకునే స్పీకరు, జాక్ పీకేసి నేను చేసిన పని అదే.

సంగతి ఇది. ట్యూబు ఎక్కువ వోల్టులు, తక్కువ కరెంటు ఇచ్చే మనిషి. స్పీకరు తక్కువ వోల్టులు, ఎక్కువ కరెంటు అడిగే మనిషి. ఈ ఇద్దరికీ మధ్య దుబాసీ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. రెండు ఈఎల్84లకి ఎనిమిది వేల ఓముల లోడు కావాలి, స్పీకరు ఎనిమిది ఓములు. వెయ్యికి ఒకటి నిష్పత్తి. దాని వర్గమూలం తీస్తే చుట్ల నిష్పత్తి దాదాపు ముప్ఫై రెండు. స్పీకరు ఉన్నంత కాలం, కోర్‌లో పోగైన శక్తి దాని కాయిల్‌లోకి పోయి, స్పీకరు కాగితపు కోన్‌ని కదిపి, శబ్దంగా మారుతుంది. స్పీకరు పీకేస్తే? ట్యూబులు తమ పని తాము చేస్తూనే ఉంటాయి. కోర్ నిండుతూనే ఉంటుంది. పోవడానికి చోటు లేదు. ట్యూబు కరెంటు ఆపిన క్షణంలో అదంతా వెనక్కి తిరుగుతుంది, ప్లేట్ల మీద వోల్టులు వేలల్లోకి ఎగబాకుతాయి. ఎక్కడ కాగితం పలచగా ఉందో, ఏ సాకెట్‌లో దుమ్ము ఉందో, అక్కడ దూకుతుంది.

ట్రాన్సిస్టర్ ఆంప్‌లో ఈ ఇబ్బంది ఉండదు. స్పీకరు పీకేసినా మామూలుగా ఏమీ కాదు. పదేళ్లు ట్రాన్సిస్టర్ ఆంప్‌తో గడిపిన అలవాటే నన్ను ముంచింది. పాత ఫెండర్ ఆంపుల్లో స్పీకరు జాక్ తీస్తే దానంతట అదే షార్ట్ అయ్యే ఏర్పాటు ఉంటుంది. ట్యూబులకి షార్ట్ అయినా కాసేపు పరవాలేదు కానీ, ఖాళీ మాత్రం పడదు. నా దాంట్లో ఆ ఏర్పాటు లేదు. లైన్ అవుట్ ఉంది కదా, దాంట్లోంచి సౌండు వస్తోంది కదా, ఇక లోడు ఉన్నట్టే అనుకున్నాను. లైన్ అవుట్ గుండా పోయేది చెంచాడు. ట్యూబులు పోస్తున్నది బిందెడు.

అసలు స్పీకరు పీకెయ్యాల్సిన అవసరం ఎందుకొచ్చింది? అసలు వాదన ఇక్కడుంది.

మా కింద ఫ్లాటులో రైల్వేలో రిటైరైన అంకుల్ ఉంటారు. ఒక సాయంత్రం పైకొచ్చి, చాలా మర్యాదగా అన్నారు: "బాబూ, నీ వాయింపుతో నాకేం ఇబ్బంది లేదు. కానీ నా మంచం కోడు వణుకుతోందయ్యా." అప్పుడు నా వాల్యూమ్ రెండు మీద ఉంది. పదిలో రెండు! పదిహేను వాట్ల ఆంప్ చిన్నదే కదా, కుర్రాళ్లందరూ యాభై, వంద వాట్లు కొంటున్నారు కదా అని నా మనసులో ఒక సమర్థన.

తర్వాత కాగితం తీసుకుని కూర్చుని లెక్క వేశాను. ఈ లెక్క ఆంప్ కొనే ముందు వేసుకోవాల్సింది. గిటారు స్పీకర్లు మామూలుగా ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 98 డెసిబెల్ (శబ్దానికి కొలత) దాకా పలుకుతాయి. ఒక్క వాటుకే! మనం మాట్లాడుకునే మాట 60 దగ్గర ఉంటుంది. శక్తి పదో వంతు చేస్తే పది డెసిబెల్ తగ్గుతుంది, చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. అంటే 98 నుంచి 68కి దిగాలంటే వాటులో వెయ్యో వంతుకి రావాలి. 60కి రావాలంటే దాదాపు ఆరు వేలో వంతుకి. నా పదిహేను వాట్లలో పాడుకున్నట్టు వాయించుకోవడానికి కావలసింది అంత. మిగిలినదంతా అంకుల్ మంచానికి పోతోంది.

ఇదే లెక్కలో ఇంకో సంగతి. వంద వాట్లకీ యాభైకీ తేడా మూడంటే మూడు డెసిబెల్. పక్కన నిలబడి వింటే "కొంచెం తగ్గిందేమో" అనిపించేంత. వంద వాట్లది పెద్దదని యాభైది కొని ఊరుకుంటే ఊళ్లో ఎవరికీ ఊరట లేదు. నాలుగు ట్యూబుల ఆంప్‌లో రెండు పీకేసి సగం చేశామని సంతోషపడేవాళ్లకీ దక్కేది అదే మూడు. ఫ్లాటులో ఉండే మనిషికి రెండంకెల వాట్లు అక్కర్లేదని నా గట్టి నమ్మకం. అయిదు వాట్లది కూడా ఎక్కువే. స్టేజీ మీద ఎలాగూ మైకు పెడతారు. ఆంప్ హాలంతా నింపాల్సిన కాలం మైకులు, పెద్ద సౌండ్ సిస్టమ్‌లు సరిగా లేనప్పటిది. ఆ కాలపు వాట్లని ఈ కాలపు డబుల్ బెడ్‌రూమ్‌లోకి తెచ్చుకుని, ఆ తర్వాత వాటి గొంతు నొక్కడానికి ఇంకో డబ్బా కొంటున్నాం.

నా స్నేహితుల్లో రెండు వర్గాలున్నాయి. ఒకరంటారు, ట్యూబ్ ఆంప్‌ని బాగా పైకి పెడితేనే పలుకుతుంది, లేకపోతే అది వట్టి బరువు అని. రెండోవాళ్లంటారు, ట్యూబులన్నీ చాదస్తం, చిన్న డిజిటల్ పెట్టె కొనుక్కుని హెడ్‌ఫోన్స్ పెట్టుకో అని. మొదటివాళ్ల మాటలో సగం నిజముంది. పవర్ ట్యూబులు కష్టపడినప్పుడు వచ్చే ఆ మెత్తని నలుగుడు (డిస్టార్షన్), వేలు సడలిస్తే శుభ్రపడే గుణం, ముందు ట్యూబులు ఒక్కటే ఇవ్వవు. కానీ వాళ్లు మరిచేది మన చెవిని. చిన్న శబ్దంలో చెవి మంద్రాన్నీ, తారాన్నీ తక్కువగా వింటుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. పెద్దగా పెడితే బాగుందనిపించడంలో కొంత వాటా ట్యూబులది, కొంత చెవిది. చెవి వాటాని టోన్ నాబ్‌తో సర్దుకోవచ్చు. రెండోవాళ్లతో నాకు తగాదా లేదు, రాత్రి పది దాటాక నేనూ ఆ పెట్టే వాడుతున్నాను. కానీ చాదస్తం అన్నమాట ఒప్పుకోను.

పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌ని తలుచుకోండి. మాండొలిన్ మీద మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది, గమకం లాగేలోపే అయిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంట తీగెల బదులు అయిదు ఒంటి తీగెలు పెట్టుకుని, దాని మీద కర్ణాటక సంగీతం పలికించారు. అక్కడ కరెంటు చేసిన మేలు స్వరాన్ని పెద్దది చేయడం ఒక్కటే అనుకోను, స్వరాన్ని నిలబెట్టింది. నాకు ఆంప్ అంటే అదే. చెయ్యి, తీగె, ట్యూబు, స్పీకరు కాగితం కలిసి ఒక్క వాద్యం. మృదంగం ఎడమ మూతికి రవ్వముద్ద ఎంత పెట్టాలో కచేరీకి ముందు విద్వాంసుడు వేలితో నొక్కి చూసుకుంటాడు కదా, ఆంప్ వాల్యూమ్ కూడా అలా చేత్తో నేర్చుకోవాల్సిన విద్య. మనం దాన్ని పక్కింటివాళ్ల గొడవగానే చూస్తున్నాం.

మరి ఫ్లాటులో తగ్గించడం ఎలా? నేను నేర్చుకున్న వరుసలో చెబుతాను. మొదట ఆంప్‌ని నేల మీంచి లేపాను. టైల్స్ మీద కూర్చున్న ఆంప్ శ్లాబుని కూడా స్పీకరుగా వాడుకుంటుంది. గిటారు లావు తీగె 82 హెర్ట్జ్, ఆ మంద్రమే కిందికి దిగి మంచం కోళ్లు పట్టుకుంటుంది. పాత బొంతని నాలుగు మడతలు వేసి, దాని మీద స్టూలు, స్టూలు మీద ఆంప్. బాస్ నాబ్ సగానికి దించాను. ఇందులో రెండో లాభం అనుకోకుండా దొరికింది. గిటారు స్పీకరు పదునంతా నేరుగా ముందుకే పోతుంది. నేల మీద ఉన్నన్నాళ్లూ అది నా పిక్కలకి వినిపించేది. చెవి ఎత్తుకి వచ్చేసరికి, ఇన్నాళ్లూ ఎంత అనవసరంగా పెంచానో తెలిసింది.

ఇక గిటారు మీదే ఒక నాబ్ ఉంది. మనలో చాలామంది దాన్ని పది మీద పెట్టి వదిలేస్తాం. ఆంప్ కొంచెం నలిగేలా పెట్టి, గిటారు నాబ్‌ని ఆరుకీ ఏడుకీ మధ్య ఉంచి వాయిస్తే, ఒక్క చేతి బలంతోనే శుభ్రమైన స్వరం నుంచి గరుకు దాకా వెళ్లొచ్చు.

అప్పటికీ చాలకపోతే అటెన్యుయేటర్. ఆంప్‌కీ స్పీకరుకీ మధ్య కూర్చుని, శక్తిలో చాలా భాగాన్ని వేడిగా మార్చేస్తుంది. ట్యూబులకి లోడు అలాగే ఉంటుంది, గదికి మాత్రం కొంచెమే వస్తుంది. నేను ఆ రాత్రి చేయాల్సిన పని ఇదే. స్పీకరు అసలే వద్దనుకుంటే, దాని బదులు ఆంప్ శక్తినంతా తీసుకునే లోడ్ బాక్స్ ఉండాలి. దాని ఓములు ఆంప్ ఓములతో కలవాలి. వాట్లు ఆంప్ మీద రాసినదానికి రెట్టింపు మోసేలా ఉండాలి, ఎందుకంటే బాగా నలిగేటప్పుడు పదిహేను వాట్ల ఆంప్ పదిహేను దగ్గర ఆగదు. మధ్యలో వాడే తీగె స్పీకరు తీగె అయి ఉండాలి, గిటారు తీగె పనికిరాదు. పది, పన్నెండు డెసిబెల్ దాకా దించితే బాగానే ఉంటుంది. అంతకన్నా నొక్కితే ప్రాణం పోయిన సౌండు వస్తుంది, స్పీకరు కాగితం కదలడమే మానేస్తుంది. ఇంకో సంగతి, ఆంప్ గట్టిగానే పనిచేస్తోంది కాబట్టి ట్యూబులు అంతే తొందరగా అరుగుతాయి.

ట్యూబుల కోసం కోఠి గుజరాతీ గల్లీలో రెండు మధ్యాహ్నాలు తిరిగాను. ఒకప్పుడు బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ ఈ ట్యూబులు తయారుచేసేది. మా ఇంట్లో వాల్వు రేడియోకి కోఠిలోనే వాల్వులు కొన్నామని నాన్న చెప్పారు. నాకు ఒక్కటి దొరికింది, డబ్బాతో సహా. జత దొరకలేదు. రెండు ట్యూబులూ ఒకే కరెంటు లాగాలి, ఒంటిది పెట్టుకుని ఏం చేస్తాం. ఇప్పుడు స్లొవేకియాలో, రష్యాలో, చైనాలో చేస్తున్నారు. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా ట్యూబులు కొన్నాళ్లు ఆగిపోయి ధరలు ఎగబాకాయి. చివరికి స్లొవేకియా జత తెప్పించుకున్నాను.

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడానికి పది రోజులు పట్టింది. ప్రైమరీ (ట్యూబుల వైపు చుట్లు) అంతా కింద, సెకండరీ (స్పీకరు వైపు చుట్లు) పైన చుట్టడం ఆయనకి అలవాటు. అలా చేస్తే పై స్వరాలు చస్తాయి, ముక్కలు ముక్కలుగా ఒకదాని మధ్య ఒకటి పెట్టాలి అని పాత కాయిల్ విప్పుతూ ఇద్దరం కలిసి లెక్కపెట్టుకున్నాం. రేకులు ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి దోపాడు. సాకెట్ నేనే మార్చాను. కాలిన బొగ్గుని గీకి సరిపెట్టుకోకూడదు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు నాన్న తన పాత సీరీస్ బల్బు బోర్డు తీసుకొచ్చారు. చెక్క మీద ఒక హోల్డరు, ఒక సాకెట్టు, అంతే; ఆంప్‌కి వెళ్లే కరెంటు బల్బులోంచే పోవాలి. పాతకాలపు రేడియో మెకానిక్ ప్రతివాడి దగ్గరా ఉండేది. వంద వాట్ల బల్బు కోసం మూడు షాపులు తిరగాల్సి వచ్చింది, ఇప్పుడన్నీ ఎల్‌ఈడీలే. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, ఆంప్‌కి ఏమీ కాదు. స్పీకరు జాక్ పెట్టానో లేదో మూడుసార్లు చూసుకుని స్విచ్ వేశాను. బల్బు ఒక్కసారి భగ్గున వెలిగింది. నాన్న నా మోచెయ్యి పట్టుకున్నారు. తర్వాత మెల్లగా ఎర్రబడి, ఆరిపోయే దీపంలా చిన్నదైంది. జాలీ వెనక ట్యూబుల్లో నారింజ రంగు మొదలైంది. "వేడెక్కనీ, తొందరపడకు" అన్నారు, రేడియో ముందు కూర్చున్నప్పుడు చిన్నప్పుడు నాకు చెప్పినట్టే.

మర్నాడు కింద అంకుల్‌ని పైకి పిలిచాను. మన చట్టంలో నివాస ప్రాంతాలకి పగలు 55 డెసిబెల్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 అని ఉంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలవి. నాకు ఆ అంకెలు తెలుసు, కానీ ఆయన మంచం సంగతి ఆయనకే తెలుసు. ఆంటీని కింద మంచం మీద కూర్చోమని, ఫోన్ లైన్‌లో పెట్టి, అంకుల్ నా పక్కన నిలబడ్డారు. నేను వాయిస్తూ నాబ్ మెల్లగా తిప్పాను. "ఇంకా లేదు... లేదు... ఆఁ, ఇదిగో, ఇప్పుడు తెలుస్తోంది" అంది ఆంటీ. అంకుల్ జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు. నాబ్ పక్కన తెల్ల టేపు ముక్క అతికించి, కొంచెం వెనక్కి తిప్పి గీత గీశాను. రోజూ సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర. ఆ గీత ఒకటిన్నరకీ రెండుకీ మధ్య ఉంది.